సారా సొమ్ము, బొమ్మల కొలువు

అమ్మాయిలూ, డబ్బున్న మగాడు దానధర్మాలు చేశాడనగానే నేను ముందు అడిగేది, ఆ డబ్బు ఎవరింట్లోంచి వచ్చిందని. రష్యాలో వసీలీ కోకరెవ్ అని ఒకాయన. 1817లో సొలిగాలిచ్ అనే చిన్న ఊళ్ళో, పాత ఆచారం వదలని క్రైస్తవ వర్తకుల ఇంట పుట్టాడు. చదువు అంతంతమాత్రం. కోట్లు మాత్రం వోద్కాలో సంపాదించాడు. మన దగ్గర సారా పాటలు జరిగేవి చూశారూ, అక్కడా అంతే. సర్కారుకు ఇంత కడతానని పాడుకుని అమ్ముకునే హక్కు తెచ్చుకోవడం. 1858-59లో పల్లెల్లో జనం ఇక తాగమని కట్టుబాటు పెట్టుకున్నారు, కొన్నిచోట్ల దుకాణాలే పగలగొట్టారు. 1863కి ఆ పాటలు పోయాయి. ఆ తాగుబోతుల ఇళ్ళ ఆడవాళ్ళు పడ్డ పాట్లకు లెక్క ఎవరు రాశారమ్మా?

అలాగని కొట్టిపారేద్దామంటే మనసొప్పదు. క్రిమియా యుద్ధంలో సెవాస్తోపోల్ రేవు కోసం పోరాడిన నావికులు 1856లో మాస్కో వస్తే, వాళ్ళ పద్ధతిలో రొట్టె, ఉప్పు పట్టుకుని ఎదురెళ్ళాడు. జమీందార్ల కింద మగ్గే రైతుల విముక్తికి వర్తకులూ డబ్బు వేయాలన్నాడు. మాస్కో గవర్నర్ జనరల్‌కి ఒళ్ళు మండి, అనుమానితుల జాబితాలో పేరెక్కించాడు!

ఇప్పటి అజర్‌బైజాన్‌లో, బాకు దగ్గర సురాఖానీలో మన దేశపు వర్తకులు, సాధువులు కొలిచిన అగ్ని ఆలయం ఉంది. గోడల మీద సంస్కృత శాసనాలు కూడా ఉన్నాయి. సరిగ్గా దాని పక్కనే కోకరెవ్ రాతినూనె కర్మాగారం పెట్టాడు. దాన్ని చూసి సలహా చెప్పమని 1863లో మెండలీవ్‌ని పిలిపించాడు. అవును, మన పిల్లలు బట్టీపట్టే మూలకాల పట్టిక ఆయనదే.

నాకు బాగా నచ్చింది బొమ్మల సంగతి. ట్రెత్యకోవ్ అనే మాస్కో వర్తకుడు తన చిత్రాల గ్యాలరీని ఆ నగరానికి రాసిచ్చింది 1892లో. అంతకు ముప్పయ్యేళ్ళ ముందే కోకరెవ్ 500కు పైగా చిత్రాలు పెట్టి తన గ్యాలరీ తలుపులు జనానికి తీశాడు. తర్వాత వ్యాపారం దెబ్బతిని వాటిని అమ్ముకున్నాడు. అందుకే ట్రెత్యకోవ్ పేరు నిలిచింది, ఈయన పేరు చెబితే ఎవరని అడుగుతారు.

ముసలితనంలో కలం పట్టి, 1837 నుంచి తను చూసిన ప్రభుత్వపు ఆర్థిక తప్పిదాల మీద ఒక పుస్తకం రాశాడు. అది 1887లో వచ్చింది, రెండేళ్ళకు ఆయన పోయాడు. అంతకుముందే, 1884లో, వేసవిలో ఎక్కడికీ వెళ్ళలేని పేద చిత్రకళా విద్యార్థుల కోసం త్వేర్ ప్రాంతంలో ఒక విడిది ఏర్పాటు చేయించాడు. గ్యాలరీ చెదిరిపోయింది గానీ, ఆ విడిదిలో ఇప్పటికీ చిత్రకారులు దిగి బొమ్మలు వేసుకుంటున్నారు.