మరచేయి దారి

పిల్లలూ! వంటింటి అలమరలో వెనక వరుసలో ఉన్న ఉప్పుజాడీని మీరు ఎప్పుడైనా తీశారా? ముందు నూనెగిన్నె ఉంటుంది. పక్కన మజ్జిగ కుండ ఉంటుంది. మీ చేయి వాటి మధ్య నుంచి వెళ్ళి జాడీని పట్టుకొని వస్తుంది. నూనె ఒలకదు. మోచేయి ఎంత వంచాలో, భుజం ఎంత తిప్పాలో మీరు లెక్క వేయలేదు. ఎవరైనా అడిగితే చెప్పలేరు కూడా. మరి ఇదే పనిని ఒక యంత్రానికి నేర్పవలసి వస్తే ఏమని చెప్పాలి?

యంత్రపు చేతిని పెద్ద పుస్తకాలలో 'యంత్రహస్తం' అంటారు. మరబొమ్మ, మరమగ్గం, మరమనిషి అనే మాటలు మనకు ఉండనే ఉన్నాయి గనుక ఇక్కడ 'మరచేయి' అందాం. 'రోబో' అనే మాట చెక్ భాషలో పుట్టింది. 1920లో కారెల్ చాపెక్ అనే రచయిత దానిని తన నాటకంలో వాడాడు. ఆ మాటను ఆయనకు అందించినవాడు అన్న జోసెఫ్. చెక్ భాషలో 'రొబోత' అంటే వెట్టిచాకిరి.

1961లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో, జనరల్ మోటార్స్ వారి కర్మాగారంలో 'యూనిమేట్' అనే మరచేయి పనికి కుదిరింది. జార్జ్ డెవోల్ దానిని కనిపెట్టాడు. అచ్చులో పోసిన లోహపు ముక్కలను ఇంకా కాలుతూ ఉండగానే బయటికి తీయడం దాని పని. నేర్పిన కదలికలను వరుసగా జ్ఞాపకం ఉంచుకొని అది మళ్ళీ మళ్ళీ చేసేది. దానికి కళ్ళు లేవు. దారిలో కొత్తగా ఏదైనా వచ్చి నిలిస్తే తెలుసుకోలేదు. ఇలాంటి గుడ్డితనం ఎంత ప్రమాదకరమో 1979లో లోకానికి తెలిసింది. మిషిగన్ రాష్ట్రంలోని ఒక కర్మాగారంలో సామాను తీయడానికి అరలలోకి ఎక్కిన కార్మికుడు మరచేయి తగిలి మరణించాడు. అక్కడ మనిషి ఉన్నాడన్న సంగతి ఆ యంత్రానికి తెలియదు.

ఆ 1979లోనే అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రోబోల పరిశోధనకు ఒక ప్రత్యేక సంస్థ ఏర్పడింది. దాని మొదటి సంచాలకుడు మన తెలుగువాడే. అప్పటి చిత్తూరు జిల్లాలోని కాటూరులో పుట్టి, మద్రాసులోని గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదువుకున్న దబ్బాల రాజగోపాల్ రెడ్డి. లోకమంతా ఆయనను రాజ్ రెడ్డి అంటుంది. 1994లో ఆయన ట్యూరింగ్ బహుమతి అందుకున్నారు.

ఇక మన పని చూద్దాం. దీనికి కంప్యూటరు అక్కరలేదు. రెండు అట్టముక్కలు చాలు. వాటిని సన్నగా, పొడుగ్గా కత్తిరించండి. ఒక్కొక్కదాని పొడవు 15 సెం.మీ. రెండింటి కొసలను దారంతో ముడివేసి కలపండి. ఆ ముడి మోచేయి. నేల మీద సుద్దముక్కతో ఒక చుక్క పెట్టి, మొదటి ముక్క రెండవ కొసను అక్కడ వేలితో అదిమి పట్టండి. అది భుజం. రెండవ ముక్క చివర అరచేయి అనుకోండి. భుజం నుంచి కుడివైపుకు ఒక గీత, ముందుకు ఒక గీత, రెండింటికీ సరిగ్గా మధ్యన 45 డిగ్రీల కోణంలో ఇంకొక గీత గీయండి. మధ్య గీత మీద, భుజానికి 22 సెం.మీ. దూరంలో, 6 సెం.మీ. వెడల్పు ఉన్న ఒక గ్లాసు పెట్టండి. గ్లాసు నిండా నీళ్ళు పోయండి. నీళ్ళు లేకపోతే తగిలినా ఎవరూ పట్టించుకోరు.

చేయి ఇప్పుడు కుడి గీత మీద చాపి ఉంది. అది ముందు గీత మీదికి వచ్చి చాపుకోవాలి. గ్లాసు కదలకూడదు. ఒకరు ఆజ్ఞలు చెప్పండి, మరొకరు చెప్పింది చెప్పినట్లు చేయండి. చేసేవారు సొంత తెలివి వాడకూడదు. నిజానికి అదే అన్నిటికంటె కష్టమైన భాగం.

"భుజం 90 డిగ్రీలు తిప్పు" అంటే సరిపోదు. 37 డిగ్రీల దగ్గరే చేయి గ్లాసుకు తగులుతుంది. "ముందు మోచేయి వంచు, తరువాత భుజం తిప్పు" అని మీలో చాలామంది అంటారు. మంచిదే. ఎంత వంచాలి? 90 డిగ్రీలు వంచితే అరచేయి భుజానికి 21 సెం.మీ. దూరంలో ఉంటుంది. గ్లాసు అంచు 19 దగ్గరే మొదలవుతుంది. అందుచేత చాలదు. 120 వంచితే చేయి మొత్తం 15 సెం.మీ. వృత్తంలో ఒదుగుతుంది. అయితే ఎటు వంచాలి? గ్లాసు వైపుకు వంచితే, 77 డిగ్రీలు వచ్చేసరికి అరచేయి దానికి కొట్టుకుంటుంది. అవతలి వైపుకు, అంటే సవ్య దిశలో వంచాలి. వంచి, భుజాన్ని 90 డిగ్రీలు తిప్పితే గ్లాసు దాటినట్లే.

ఇక చేయి చాపడమే మిగిలింది అనుకుంటాం. చాపండి చూద్దాం. సుమారు 21 డిగ్రీలు తెరుచుకోగానే నీళ్ళు ఒలుకుతాయి! గ్లాసుకు దూరంగా ముడుచుకున్న చేయి, ఇప్పుడు గ్లాసు వైపు నుంచే తెరుచుకుంటున్నది.

ఇక్కడ చాలామంది మొదటి నుంచి మళ్ళీ మొదలుపెడతారు. అవసరం లేదు. భుజాన్ని 90 దగ్గర ఆపకుండా 130 వరకు తీసుకుపోండి. గమ్యం దాటిపోయింది, నిజమే. అక్కడ చేయి చాపండి, దేనికీ తగలదు. చాచిన చేతిని 40 డిగ్రీలు వెనక్కి తిప్పండి. ముందు గీత మీదికి వచ్చేసింది.

ఇన్నిసార్లు నీళ్ళు ఒలకబోసుకోకుండా ముందే దారి తెలుసుకోవచ్చునా? దీనికి ఒక చక్కని ఉపాయం ఉంది. గ్రాఫు కాగితం తీసుకోండి. అడ్డుగీత మీద భుజం కోణాన్ని, నిలువుగీత మీద మోచేతి కోణాన్ని గుర్తించండి. గ్లాసు వైపు వంపు పైకి, అవతలి వంపు కిందికి. చేయి ఏ భంగిమలో ఉన్నా ఈ కాగితం మీద అది ఒక్క చుక్క మాత్రమే. గ్లాసుకు తగిలే భంగిమలన్నిటినీ నల్లచుక్కలతో గుర్తిస్తే, ఎడమ పైనుంచి కుడి కిందికి వాలిన ఒక మచ్చ తయారవుతుంది. భుజమూ మోచేయీ ఉన్న చేతిని గ్లాసు పక్కనుంచి నడిపించడం ఇప్పుడు ఒక చుక్కను ఆ మచ్చ చుట్టూ నడిపించడంగా మారింది. 130కి ఎందుకు పోవాలో ఆ వాలు చూడగానే తెలుస్తుంది. తొమాస్ లొజానో-పెరెజ్ అనే శాస్త్రజ్ఞుడు 1979లో మైకేల్ వెస్లీతో కలిసి, మళ్ళీ 1983లో తానుగా, ఈ పద్ధతిని వివరించాడు.

కంప్యూటరు ఆ దారి వెంట అడుగడుగునా ఆగి, తగులుతుందా లేదా అని చూస్తుంది. అడుగు పెద్దదైతే మోసపోతుంది. చాచిన చేయి 10 డిగ్రీలు తిరిగితే అరచేయి 5 సెం.మీ.కు పైగా జరుగుతుంది. ఆ మధ్యలో ఒక మేకు ఉన్నా కనిపించదు. 2 డిగ్రీలకు ఒకసారి చూస్తే ఒక సెంటీమీటరే జరుగుతుంది.

2001లో అంతరిక్ష కేంద్రానికి అమర్చిన కెనడా దేశపు మరచేతికి ఏడు కీళ్ళు. ఏడు కోణాలకు గ్రాఫు కాగితం చాలదు. అప్పుడు కంప్యూటరు అన్ని భంగిమలనూ పరీక్షించకుండా, అక్కడక్కడ ఇష్టం వచ్చినట్లు కొన్ని చుక్కలు వేసి, తగలనివాటిని మాత్రం ఒకదానితో ఒకటి కలుపుకుంటూ పోతుంది. 1996లో వెలువడిన ఈ పద్ధతి చీకట్లో తడుముకున్నట్లే ఉంటుంది గాని, బాగా పనిచేస్తుంది.

అభ్యాసం

1. గ్లాసును 22 సెం.మీ. దూరం నుంచి 26 సెం.మీ. దూరానికి జరపండి. ఇప్పుడు మోచేయి 90 డిగ్రీలు వంచితే చాలునా? చేసి చూసి, కారణం రాయండి.
2. గ్లాసు కదలకుండా చేయి తిరిగి కుడి గీత మీదికి రావాలి. ఆజ్ఞలను వరుసగా రాయండి.
3. మోచేయి, మరచేయి, ఎడమచేయి – ఈ సమాసాలకు విగ్రహవాక్యాలు రాయండి.
4. ఉప్పుజాడీ తీసే చేతికి నాలుగు వాక్యాలలో ఆజ్ఞలు రాసి, మీ స్నేహితునికి కళ్ళకు గుడ్డ కట్టి చదివి వినిపించండి. నూనెగిన్నెను మాత్రం ముందే తీసి పక్కన పెట్టండి.