సభ్యుల విద్యా పాఠం: పాలచుక్కలో ఏముందో పిల్లలకు చూపిద్దాం



మన సంఘాలలో తరచు వినవచ్చే మాట ఒకటుంది. "మా పాలు తెల్లగా, చిక్కగా ఉన్నాయి. వాటికేం లోపం?" అని. తెలుపూ నిజమే, చిక్కదనమూ నిజమే. కాని పాలను చెడగొట్టేవి మాత్రం కంటికి ఆనవు. వాటిని చూడాలంటే సూక్ష్మదర్శిని కావాలి. అది మన సంఘంలో ఉండకపోవచ్చు గాని, చాలా ఊళ్ళలో ఉన్నత పాఠశాల బీరువాలో ఉంటుంది. దానికి పాలు కావాలి, మనకు అది కావాలి. ఈ రెంటినీ కలపడం ఎలాగన్నదే ఈ పాఠం.

నేను తనిఖీ చేసే ఒక సంఘంలో ఒక వేసవిలో వరుసగా మూడు రోజులు ఒక్కొక్క క్యాను చొప్పున పాలు పులిశాయని శీతలీకరణ కేంద్రం నుండి తిరిగి వచ్చాయి. క్యాను 40 లీటర్లు. నష్టం సభ్యులందరి మీదా పడింది. నేను వెళ్ళి క్యాను లోపల చేయి పెట్టి చూశాను. శుభ్రంగానే ఉంది. అయితే సేకరణలో ఆలస్యం జరిగి ఉంటుందని నిశ్చయించి కార్యదర్శికి మెమో ఇచ్చాను. "వేళకే పంపుతున్నానండీ" అని ఆయన ఎంత చెప్పినా వినలేదు. అది నా తొందరపాటని తరువాత తేలింది. తేల్చినవారు ఏడో తరగతి పిల్లలు.

సూక్ష్మదర్శినిని వాడే పద్ధతి

ఆ ఊరి సైన్సు మాస్టారు ఒక శనివారం పిల్లలను సంఘానికి తీసుకువచ్చారు. ఆయన మొదట నేర్పినది చూడడం కాదు, జాగ్రత్త. కంటి దగ్గరి కటకం 10 రెట్లు, కింది కటకం 40 రెట్లు పెద్దదిగా చూపితే, మొత్తం 400 రెట్లు. ముందు తక్కువ శక్తి కటకంతోనే మొదలుపెట్టాలి. పక్కనుండి చూస్తూ కటకాన్ని గాజుపలక దగ్గరకు దించి, ఆ తరువాత కన్ను పెట్టి మెల్లగా పైకి లేపుతూ స్పష్టం చేసుకోవాలి. కన్ను పెట్టి కిందికి దించితే పలక పగులుతుంది. అద్దాన్ని ఎప్పుడూ నేరుగా సూర్యుని వైపు తిప్పరాదు, కంటికి ప్రమాదం. ఆకాశపు వెలుగు చాలు.

మొదటి చుక్క: కొవ్వు బిందువులు

ఒక చుక్క పాలకు పది, పదిహేను చుక్కల నీరు కలిపి, అందులో ఒక చుక్కను పలక మీద వేసి పైన పలుచని గాజుబిళ్ళ కప్పాలి. అప్పుడు గుండ్రని మెరిసే బిందువులు వందల కొద్దీ కనిపిస్తాయి. అదే మన వెన్న. హాలండులోని డెల్ఫ్ట్ పట్టణపు బట్టల వర్తకుడు లీవెన్‌హుక్ 1674లోనే తాను అరగదీసుకున్న కటకంతో వీటిని చూశాడు.

ఒక మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే ఒక భాగం ఒక మైక్రాను. కొవ్వు బిందువులు ఎక్కువగా 1 నుండి 10 మైక్రాన్లుంటాయి. గేదె పాలలో ఇవి ఆవు పాలలో కంటే సగటున కొంచెం పెద్దవి. వెన్న శాతం చూసే గెర్బర్ పరీక్షలో గంధకామ్లం చేసే పని, ఈ బిందువులను పట్టి ఉంచిన మాంసకృత్తులను కరిగించి కొవ్వును విడదీయడమే. ఈ సంగతి పిల్లలకు నోటితో చెప్పాలి గాని, ఆ ఆమ్లం దగ్గరికి వారిని రానివ్వరాదు.

ఆగని కదలిక: అణువుల జాడ

"సార్, ఇవి కదులుతున్నాయి. పురుగులా?" అని ఒక పిల్లవాడు అడిగాడు. మంచి ప్రశ్న. మాస్టారు జవాబు చెప్పకుండా బాగా మరగబెట్టి చల్లార్చిన పాలచుక్కను చూపించారు. అందులోనూ చిన్న బిందువులు అలాగే వణుకుతున్నాయి. ప్రాణమున్నవైతే అంతలా మరిగిన తరువాత కదలవు గదా!

1827లో రాబర్ట్ బ్రౌన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు నీటిలో పుప్పొడి రేణువులలోని నలుసులను చూసి ఇలాగే ఆశ్చర్యపడి, రాతిపొడితో కూడా చేసి చూశాడు. అదీ కదిలింది. కారణాన్ని 1905లో ఐన్‌స్టీన్ లెక్కకట్టి చెప్పాడు. నీటి అణువులు ఎడతెగకుండా పరుగులు తీస్తూ నలువైపుల నుండి బిందువును గుద్దుతుంటాయి. చిన్న బిందువు ఎక్కువ ఊగుతుంది, పెద్దది తక్కువ ఊగుతుంది. అణువు మాత్రం ఈ సూక్ష్మదర్శినికి కనిపించదు. ఒక్క మైక్రాను పొడవులో నీటి అణువులు వరుసగా సుమారు 3 వేలు పడతాయి. జాతరలో తల మీద మోసుకుపోయే గంప ఊగడం దూరం నుండి కనిపిస్తుంది, కింద తోసే జనం కనిపించరు. ఇదీ అంతే.

కణం అంటే ఏది?

కొవ్వు బిందువు కణం కాదు. గుండ్రంగా ఉన్నదల్లా కణమని పిల్లలు పొరబడతారు. కణానికి లోపల జీవపదార్థం ఉంటుంది, మన శరీర కణాలలో సాధారణంగా కేంద్రకం ఉంటుంది. ఉల్లిపొరలోని గదులు, చెంప లోపలి గీకుడు ఇందుకు సులువైన ఉదాహరణలు. పాలలోనూ కణాలు ఉంటాయి. అవి ముఖ్యంగా తెల్లరక్తకణాలు. పొదుగులో రోగం చేరితే దానితో పోరాడడానికి ఇవి లక్షలలో వస్తాయి. ఆవు పాలలో మిల్లీలీటరుకు 2 లక్షలు దాటితే పొదుగువాపును అనుమానించవలసిందే. పాలు చూడడానికి మామూలుగానే ఉండవచ్చు.

దీనిని సూక్ష్మదర్శిని లేకుండానే కనిపెట్టవచ్చు. 100 మిల్లీలీటర్ల నీటిలో 3 గ్రాముల బట్టల సోడా పౌడరు (డిటర్జెంటు) కలపాలి. నాలుగు చన్నుల పాలు నాలుగు గిన్నెలలో వేరువేరుగా తీసుకొని, పాలెంతో ఆ ద్రావణం అంత పోసి తిప్పాలి. మంచి పాలు పలుచగానే ఉంటాయి. కణాలు ఎక్కువున్న పాలు జిగురుగా చిక్కబడతాయి. డిటర్జెంటు కణాన్ని పగలగొట్టగా, కేంద్రకంలోని డి.ఎన్.ఎ. అనే పొడవైన అణువులు బయటపడి అల్లుకోవడమే ఆ జిగురు. ఈనిన కొత్తలోనూ, వట్టిపోయే ముందూ ఈ పరీక్ష తప్పుదారి పట్టించవచ్చు.

ఒక అమ్మాయి తెచ్చిన నాలుగు గిన్నెలలో ఒకటి జిగురుకట్టింది. ఆ పిల్ల ముఖం చిన్నబుచ్చుకొని, "మా నాయనమ్మకు చెప్పకండి సార్" అంది. మర్నాడు ఆ పెద్దామె తానే వచ్చి, "గేదెకు జబ్బంటే మా పాలు తీసుకోరేమో గదా బాబూ" అని అడిగింది. ఈ భయమే రోగాన్ని దాచిపెడుతుంది. మిగిలిన మూడు చన్నుల పాలకు మరల పరీక్ష చేశాం, పశువైద్యునికి చూపించాం. మందు వాడిన రోజులలోనూ, ఆయన చెప్పిన గడువు వరకూ ఆమె సంఘానికి పాలు పోయలేదు. తరువాత మళ్ళీ పోసింది. చెప్పినవారిని తప్పుపట్టే సంఘానికి రెండోసారి ఎవరూ చెప్పరు.

పులుపు ఎక్కడిది?

చివరకు తిరిగివచ్చిన క్యాను సంగతి. పిల్లలు క్యాను అడుగు, అంచు, మూత గీకి చూశారు. ఏమీ దొరకలేదు. అదే అమ్మాయి, "మూత రబ్బరు ఊడదీసి చూద్దామా సార్?" అంది. రబ్బరు చుట్టు కింద పసుపుపచ్చని జిడ్డు పేరుకొని ఉంది. దానిని పలక మీద పలుచగా పూసి, ఆరబెట్టి, దీపం సెగ చూపి, మిథిలీన్ బ్లూ రంగు వేసి కడిగి చూస్తే నీలిరంగు చుక్కలు, గొలుసులు కిక్కిరిసి ఉన్నాయి. అవే బాక్టీరియా. ఒక్కొక్కటి సుమారు ఒక మైక్రాను. ఒక్కొక్కటీ ఒక పూర్తి కణం, కాని కేంద్రకం లేనిది.

అరగంటకొకసారి రెట్టింపయ్యే బాక్టీరియా మిల్లీలీటరుకు వెయ్యి ఉంటే, ఐదు గంటలలో పది రెట్టింపులై 10 లక్షల 24 వేలవుతాయి. ఇవి పాలలోని చక్కెరను తింటాయి. లాక్టోజు అణువు ఒకటి, నీటి అణువు ఒకటి కలిసి చివరకు నాలుగు లాక్టిక్ ఆమ్లపు అణువులవుతాయి. అదే పులుపు. ఇంట్లో తోడు వేస్తే పెరుగు, క్యానులో జరిగితే నష్టం. చల్లదనం బాక్టీరియాను చంపదు, పెరుగుదలను అణచి ఉంచుతుంది. అందుకే పాలను త్వరగా 4 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరచాలి.

ఆ మూత రబ్బర్లు మార్చారు. ఆ వేసవిలో ఆ సంఘానికి మరల క్యాను తిరిగి రాలేదు. కార్యదర్శికి ఇచ్చిన మెమోను నేను ఉపసంహరించుకొని, కారణం తనిఖీ పుస్తకంలో రాశాను.

సంఘాలు చేయవలసినవి

1. క్యాను ఖాళీ కాగానే ముందు చన్నీళ్ళతో తొలచాలి. మొదటే వేడినీళ్ళు పోస్తే మాంసకృత్తులు అంటుకుపోతాయి. తరువాత వేడి సోడా నీటితో బ్రష్షు పెట్టి రుద్ది, వేడినీటితో కడిగి, బోర్లించి ఆరబెట్టాలి.
2. మూత రబ్బరును ప్రతిసారీ ఊడదీసి కడగాలి. పగుళ్ళుంటే మార్చాలి.
3. ప్రధానోపాధ్యాయుని అనుమతితో ఏడాదికి రెండుసార్లయినా పిల్లలను సంఘానికి పిలవాలి. పాఠశాలలో సూక్ష్మదర్శిని లేకపోతే, 2014లో మను ప్రకాష్ బృందం ప్రకటించిన ఫోల్డ్‌స్కోప్ అనే కాగితపు సూక్ష్మదర్శిని ఉంది. అది 140 రెట్లు పెంచి చూపుతుంది, కొవ్వు బిందువులకు అది చాలు.

చర్చకు ప్రశ్నలు

1. కొవ్వు బిందువును కణం అని ఎందుకు అనకూడదు?
2. మరిగించిన పాలలోనూ బిందువులు ఎందుకు కదులుతాయి?
3. మన సంఘంలో మూత రబ్బర్లు చివరిసారి ఎప్పుడు మార్చారు?

మూడవ ప్రశ్నకు జవాబు సమావేశంలో కాదు, క్యాన్ల దగ్గర నిలబడి చెప్పుకోవలసిందిగా పాలకవర్గ సభ్యులకు మనవి.