కదిలితేనే కాలం కదిలే ఆట

ప్రశ్న: మాది ఆళ్లగడ్డ. నంద్యాలలో డిగ్రీ చదువుతున్నాను. ‘సూపర్‌హాట్’ ఆట కొనవచ్చా? నా ల్యాప్‌టాప్ పాతది.

జవాబు: కొనండి, అయితే ధర తగ్గించినప్పుడు. పోలండ్‌లోని చిన్న బృందం 2013లో వారం రోజుల పోటీ కోసం చేసిన నమూనా, 2016లో పూర్తి ఆటగా వచ్చింది. ఇందులో మీరు కదిలితేనే కాలం నడుస్తుంది, ఆగితే దాదాపు నిలిచిపోతుంది. ఎదురుగా ముగ్గురు, గాల్లో తూటా, మీ తుపాకీ ఖాళీ. దాన్నే ఒకడి మొహాన విసిరితే వాడి ఆయుధం గాల్లోకి ఎగురుతుంది. అది అందుకుని రెండోవాణ్ణి కాల్చాలి. ఒక్క తూటా తగిలినా మళ్లీ మొదటికే. చేతివేగం కన్నా ముందుచూపే గెలిపిస్తుంది. తుపాకీ ఆటను ఇంత చక్కటి చిక్కుముడిగా మార్చినవి చాలా అరుదు.

కానీ కథ రెండు మూడు గంటల్లో అయిపోతుంది. శత్రువులంతా ఒకేలాంటి ఎర్ర గాజుబొమ్మలు, వాళ్ల ఎత్తుగడలూ త్వరగానే పాతబడతాయి. ఆ తర్వాత మిగిలేది సవాళ్లూ, అంతులేని పోరాటమూ.

మనవాళ్ల ఆట కావాలంటే హైదరాబాద్ ఓగర్ హెడ్ స్టూడియో 2017లో తెచ్చిన ‘అసుర’ ఉంది. అది మాత్రం పైనుంచి చూస్తూ ఆడే కత్తియుద్ధం.

ఇక ‘సూపర్‌హాట్’లో బొమ్మలు సాదాగా ఉన్నాయని నమ్మి మోసపోకండి. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని పాత ల్యాప్‌టాప్ తడబడవచ్చు. స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో కొంటే, ఆడింది రెండు గంటలు దాటకముందే, 14 రోజుల్లోపు అడగండి, డబ్బు తిరిగిస్తారు.