పిల్లల మనసులో రెండో బాణం



మా వాడలో ఆరో తరగతి పిల్లవాడొకడు ఒకరోజు బడి నుంచి వచ్చి, సంచి విసిరేసి, చీకటి పడేదాకా ఫోను పట్టుకుని కూర్చున్నాడు. అన్నం వద్దన్నాడు. తల్లి నాలుగు దెబ్బలు వేసింది. నేను కూడా వెళ్లి, "మగపిల్లాడివి, ఏడుస్తావేంట్రా?" అన్నాను. రెండు రోజులు పోయాక గానీ సంగతి బయటపడలేదు. క్లాసులో తోటి పిల్లలు వాణ్ణి కులం పేరుతో పిలిచి నవ్వారట. ఏళ్ల తరబడి త్రిశరణ పంచశీలాలు చెప్పుకుంటున్న నేను, ఏం జరిగిందిరా అని ఒక్కసారి కూడా అడగలేదు.

సంయుత్త నికాయంలో బుద్ధుడు చెప్పిన రెండు బాణాల ఉపమానం మనలో చాలామంది విన్నదే. మొదటిది తగిలిన దెబ్బ. ధమ్మం తెలియనివాడు దానికి కుమిలిపోయి, మనసులో రెండో బాణం కూడా దింపించుకుంటాడు. ఇంతవరకు అందరం చెబుతాం. అదే సుత్తంలో ఇంకో మాట ఉంది, దాని దగ్గర మనం ఎక్కువసేపు ఆగం. అలాంటివాడు బాధ తగలగానే ఇంద్రియ సుఖాల వైపు పోతాడు, ఎందుకంటే బాధ నుంచి బయటపడే వేరే దారి అతనికి తెలియదు.

పిల్లవాడి చేతిలో ఫోను అదే. పెద్దల చేతిలో సీసా కూడా అదే. కూలి దొరకని రోజు నాన్న ఏం చేస్తాడో పిల్లలు చూస్తూనే ఉంటారు. తాగి వస్తే, కష్టం వచ్చినప్పుడు ఇలా చేయాలి కాబోలు అనుకుంటారు. ఐదో శీలం మన ఒంటి కోసం ఎంతో, వాళ్ల చదువు కోసం అంత. ఫోను లాక్కున్నంత మాత్రాన అయిపోదు, వేరే దారి చూపించాలి.

ముందు అడగాలి, అడిగి వినాలి. చిన్నపిల్లలకు బాధ పేరు తెలియదు, కడుపునొప్పి అంటారు. "కోపమా, సిగ్గా, భయమా?" అంటే ఏదో ఒకటి చెబుతారు. తర్వాత శ్వాస. బుద్ధుడు తన సొంత కొడుకు రాహులుడికే ఆనాపానసతి నేర్పారు. మన పిల్లలకు పది శ్వాసలు చాలు. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, లోపలికి, బయటికి. లెక్క తప్పితే నవ్వుతారు, నవ్వనివ్వండి. ఇది రోజూ, మంచిగా ఉన్న రోజుల్లోనే చేయించాలి. వరద వచ్చాక ఈత ఎవరు నేర్పుతారు?

ఒక్క జాగ్రత్త. "బుద్ధుడు శాంతం చెప్పాడు, పట్టించుకోకు" అని పిల్లల నోరు మూయకండి. సతారా బడిలో బాబాసాహెబ్ ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద వేరుగా కూర్చున్నారు. బంట్రోతు వచ్చి పోస్తేనే ఆయనకు నీళ్లు. ఆ అవమానాన్ని ఆయన మింగి ఊరుకోలేదు, పెద్దయ్యాక తన చేత్తో రాసిపెట్టారు.

మరి పిల్లవాడు ఏం చేయాలి? తిరిగి కొట్టాలా, బడి మానాలా, టీచరుకు చెప్పాలా? రాహులుడికి బుద్ధుడు అద్దం ఉదాహరణ చెప్పారు. ఏ పనికైనా ముందు, చేస్తున్నప్పుడు, చేశాక చూసుకోమన్నారు: దీనివల్ల నాకు గానీ ఇతరులకు గానీ హాని ఉందా? మేం ఈ మూడు దారులూ వాడి ముందు పెట్టి అదే ప్రశ్న అడిగాం. మొదటిదాని దగ్గర చాలాసేపు ఆగాడు, నిజం చెప్పాలంటే నేనూ ఆగాను. చివరికి చెబుదాం అన్నాడు.

తల్లీ నేనూ వాడి వెంట హెడ్మాస్టరు గదికి వెళ్లాం. మేం మాట్లాడదామనుకున్నాం, వాడే మొదలుపెట్టాడు. గొంతు వణికింది. మధ్యలో ఒకసారి ఆగి, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, మళ్లీ మిగతాది చెప్పాడు.