జతలో ఒకరు మిగిలినప్పుడు



ఫిబ్రవరి వచ్చిందంటే తెనాలి, బాపట్ల, రేపల్లె బజార్లలో గులాబీలు, ఎర్రటి కార్డులు కనబడతాయి. 14వ తేదీ ప్రేమికుల దినం పడుచువాళ్ళదని మనం అనుకుంటాము. అయితే నలభై ఏళ్ళు కాపురం చేసి ఒంటరిగా మిగిలినవారికి కూడా ఆ గులాబీలు కనబడతాయి గదా!

ఒక పెద్దాయన బి.పి. బాగా పెరిగి మా ఓ.పీ.కి వచ్చారు. మాత్రలు వేసుకుంటున్నారా అని అడిగాము. "ఆవిడ చేతిలో పెట్టేది సిస్టరమ్మా" అని తల దించుకున్నారు. ఆమె పోయి నాలుగు నెలలైంది. మాత్రల డబ్బా ఎక్కడుందో కోడలికి తెలుసు, ఈయన అడగలేదు.

దుఃఖం మనసుకే కాదు, శరీరానికీ తగులుతుంది. 1969లో బ్రిటన్ వైద్యులు ప్రచురించిన అధ్యయనంలో, భార్య పోయిన 4,486 మంది మగవారిలో మొదటి ఆరు నెలల మరణాలు ఆ వయసువారి మామూలు లెక్క కన్నా 40 శాతం ఎక్కువ. వాటిలో గుండె జబ్బులదే పెద్ద వాటా. 1990లో జపాను వైద్యులు మరొకటి గుర్తించారు. తీవ్రమైన దుఃఖంలో గుండె ఎడమ గది బలహీనపడి, ఆక్టోపస్‌లను పట్టే కుండలా ఉబ్బుతుంది. ఆ కుండ పేరే, 'తకొత్సుబో', జబ్బుకూ పెట్టారు. ఎక్కువగా పెద్ద వయసు స్త్రీలకు వస్తుంది. చాలామంది కొన్ని వారాల్లో కోలుకుంటారు. కాని చూడటానికి గుండెపోటులాగే ఉంటుంది. కాబట్టి ఛాతీ నొప్పి, ఆయాసం వస్తే "బెంగేలే" అని ఇంట్లో ఉంచకండి. 108కి ఫోన్ చేయండి, ఈసీజీ తీయవలసిందే.

నవంబరు 2న సమాధుల పండుగనాడు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాము. ఆ రోజు ఎవరు ఏడ్చినా ఎవరూ ఏమీ అనరు. మిగతా రోజుల్లో "ఇంకా ఏడుపేనా" అంటారు. శారా చనిపోయినప్పుడు అబ్రాహాము ఏడ్చాడు, ఆమె సమాధి కోసం 400 తులముల వెండి తూచి ఇచ్చాడు. విశ్వనాథ సత్యనారాయణ గారు భార్య జ్ఞాపకంగా 'వరలక్ష్మీ త్రిశతి' రాశారు. మగవారి దుఃఖానికి ఆ మర్యాద దొరికింది. విధవరాలు భర్తను తలుచుకుంటే మాత్రం, మన క్రైస్తవ కుటుంబాల్లోనే, మాట మార్చేస్తారు. ఇది మాకు నచ్చదు. మా నర్సుల్లోనూ భర్తను పోగొట్టుకున్నవారు ఉన్నారు.

కనుక పిల్లలారా, ఆ వారంలో అమ్మ దగ్గర నాన్న పేరు ఎత్తండి. ఆయనకిష్టమైన కూర వండమనండి, పక్కన కూర్చుని తినండి. ఏడిస్తే ఏడవనివ్వండి. ఇలాంటి తేదీల్లో దుఃఖం పొంగడం, కొన్ని రోజుల్లో తగ్గడం సహజమే. నిద్ర పట్టడం లేదని పక్కింటివారి నిద్రమాత్రలు ఇవ్వకండి. మగవారైతే మందు వైపు పోతున్నారేమో కనిపెట్టండి. ఏడాది దాటినా తిండి, పని, మనుషులు ఏమీ పట్టకపోతే డాక్టరుకు చూపించండి. చావు మాట ఎత్తితే ఒక్కరోజు కూడా ఆగవద్దు. టెలి మానస్ నంబరు 14416 రాత్రింబగళ్ళు పనిచేస్తుంది, డబ్బు కట్టనక్కరలేదు.

ఆ పెద్దాయన మరుసటి వారం డబ్బా తెచ్చారు. మూతమీద ఆవిడ బాల్‌పెన్నుతో రాసిన 'పొద్దున', 'రాత్రి' సగం చెరిగి ఉన్నాయి. కొత్త డబ్బా ఇస్తామంటే వద్దన్నారు. అందులోనే మాత్రలు సర్ది పంపించాము.