ఎండ, చిరాకు, అభిప్రాయం

మే నెల మధ్యాహ్నం. ఉత్తర ఢిల్లీలోని ముఖర్జీ నగర్‌లో, సివిల్స్‌కు చదివే విద్యార్థులు అద్దెకుండే ఒక ఇరుకు గదిలో కరెంటు పోయింది. సరిగ్గా అప్పుడే ఎవరో సర్వేకు వచ్చి "ప్రభుత్వం పనితీరు ఎలా ఉంది?" అని అడిగారనుకుందాం. వచ్చే జవాబులో ప్రభుత్వం వాటా ఎంత, ఉక్కపోత వాటా ఎంత? కరెంటు పోయినందుకు తిట్టుకోవడంలో న్యాయం ఉంది. ఎండ విషయంలో మాత్రం ప్రభుత్వం చేసిందేమీ లేదు.

నార్బర్ట్ ష్వార్జ్, జెరాల్డ్ క్లోర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1983లో ఇలాంటి ప్రశ్ననే పరీక్షించారు. అమెరికాలో కొందరికి ఫోన్ చేసి, జీవితం పట్ల ఎంత తృప్తిగా ఉన్నారని అడిగారు. వాన పడే రోజుల్లో కంటే హాయిగా ఎండ కాసిన రోజుల్లో ఎక్కువ తృప్తి కనిపించింది. (అక్కడ ఎండ అంటే హాయి, మన మే నెలకు ఈ లెక్క తిరగబడుతుంది.) అయితే ముందుగా "మీ దగ్గర వాతావరణం ఎలా ఉంది?" అని అడిగినప్పుడు ఆ తేడా దాదాపు మాయమైంది. పెద్ద ప్రశ్న ఎదురైతే మనం అన్నీ బేరీజు వేయం, ఆ క్షణంలో మనసు ఎలా ఉందో దాన్నే జవాబుగా తీసుకుంటాం. చిరాకుకు కారణం వానేనని గుర్తొస్తే, దాన్ని లెక్కలోంచి తీసేస్తాం.

ఈ ఫలితం పాఠ్యపుస్తకాలకెక్కింది. కానీ 2013లో పది లక్షల మందికి పైగా అమెరికన్ల జవాబులను రోజువారీ వాతావరణంతో పోల్చిన పరిశోధకులకు నమ్మదగ్గ సంబంధమేదీ దొరకలేదు. ప్రశ్న నేరుగా వాతావరణానికే సంబంధించినదైతే మాత్రం ప్రభావం స్పష్టంగా ఉంటుంది. 2011లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఈరోజు మామూలు కంటే వేడిగా ఉందనుకున్నవారే భూతాపం గురించి ఎక్కువ ఆందోళన చెందారు.

ఇక ఓటు సంగతి. లోక్‌సభ ఎన్నికలకు ఢిల్లీలో 2014 ఏప్రిల్ 10న సుమారు 65 శాతం, 2019 మే 12న 60.6, 2024 మే 25న 58.7 శాతం పోలింగ్ జరిగింది. ఎండ ముదిరేకొద్దీ ఓటు తగ్గిందని వెంటనే అనిపిస్తుంది. కానీ చలికాలపు అసెంబ్లీ ఎన్నికలూ చూడండి: 2015 ఫిబ్రవరిలో సుమారు 67, 2020 ఫిబ్రవరిలో 62.6, 2025 ఫిబ్రవరిలో 60.5 శాతం. స్వెటర్లు వేసుకునే కాలంలోనూ అదే తగ్గుదల!

ఎండ వాటా తేల్చాలంటే ఏళ్లను కాదు, గంటలను పోల్చాలి. పోలింగ్ రోజున సుమారు రెండు గంటలకోసారి వెలువడే అంచనా శాతాలను ఆ గంటల ఉష్ణోగ్రతల పక్కన పెట్టి, మబ్బు పట్టిన చోటును మండిన చోటుతో సరిచూడాలి.