ఆసుపత్రిని నడిపే చదువు

పిల్లలూ! ఆసుపత్రి అనగానే మీ కళ్ళ ముందు ఎవరు మెదులుతారు? మెడలో స్టెతస్కోపు వేసుకున్న డాక్టరుగారు, సూదిమందు పట్టుకొని వచ్చే నర్సమ్మగారు, ఔనా? వీళ్ళు గాక ఇంకొకరు కూడా ఉంటారు. ఆయన నాడి పట్టి చూడరు, కట్టు కట్టరు. రోగుల్లో చాలామంది ఆయనను చూడనైనా చూడరు. అయినా ఆయన తన పని సరిగా చేయకపోతే, డాక్టరుగారు ఎంత చదువుకున్నా ఆ చదువు సమయానికి అక్కరకు రాదు.

ఎలాగంటారా? వానకాలం రాత్రి. ఇల్లందు దాటి గుండాల వైపు వెళ్తే అంతా అడవే. అక్కడొక గూడెంలో నేలమీద చాప పరచుకొని నిద్రపోతున్న మనిషిని కట్లపాము కరిచిందనుకుందాం. ఊరివాళ్ళు ఎలాగో బండి సంపాదించి ఆసుపత్రికి చేర్చారు. డాక్టరుగారు ఉన్నారు. పాము విషానికి విరుగుడు ఇంజెక్షను ఇవ్వాలి. బీరువా తెరిచేసరికి అందులో సీసాలు ఉండాలి! అప్పటికప్పుడు తెప్పిద్దామంటే కుదిరే పని కాదు. అంటే ఆ పాము కరవడానికి ఎన్నో రోజుల ముందే, ఎవరో ఒకరు కాగితం ముందు కూర్చుని, "మనకు ఇన్ని సీసాలు కావాలి" అని లెక్క కట్టి ఇండెంటు పంపి ఉండాలి. ఆ లెక్క కట్టే శాస్త్రాన్నే ఆసుపత్రి పరిపాలన, లేదా హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ అంటారు.

ఆ లెక్క ఎలా ఉంటుందో మనమే చేసి చూద్దాం. అంకెలు ఉదాహరణకు మాత్రమే. ఒక ఆసుపత్రికి వానకాలంలో నెలకు సగటున 6 మంది పాముకాటు రోగులు వస్తారనుకోండి. ఒక్కొక్కరికి మొదట 10 సీసాలు ఇవ్వాలి. ఇండెంటు పంపాక మందు చేరడానికి 20 రోజులు పడుతుంది. నెలకు 6 మంది అయితే 20 రోజులకు 4గురు. నలుగురికి 40 సీసాలు. కాబట్టి బీరువాలో 40 సీసాలు మిగిలి ఉండగానే ఇండెంటు పంపితే చాలు. అంతేనా?

అంతే అనుకుంటే చిక్కే! సగటు మనల్ని ఇట్టే మోసం చేస్తుంది. సగటున 40 పరుగులు చేసే బ్యాట్స్‌మన్ ప్రతి ఆటలోనూ సరిగ్గా 40 చేస్తాడా? ఒకనాడు సున్నా, ఒకనాడు నూరు. పాములూ అంతే. సగటు చూసుకొని కరవవు. ఒక ఇరవై రోజుల్లో ఒక్కరే రావచ్చు, మరొక ఇరవై రోజుల్లో ఏడుగురు రావచ్చు.

ఇలా ఎప్పుడు వస్తాయో తెలియని సంఘటనల కోసం ఫ్రెంచి గణిత శాస్త్రజ్ఞుడు సిమియన్ డెనిస్ పాయిజాన్ 1837లో ఒక సూత్రం ప్రచురించాడు. పేరు వినగానే ఇంగ్లీషులోని విషం అనుకోకండి. ఫ్రెంచిలో ఆ మాటకు చేప అని అర్థం! ఆ సూత్రం ప్రకారం, సగటు 4 అయినప్పుడు నలుగురి కంటే ఎక్కువమంది వచ్చే అవకాశం నూటికి 37. అంటే 40 సీసాలనే నమ్ముకుంటే, నూరుసార్లలో సుమారు 37 సార్లు ఎవరో ఒకరికి మందు చాలదు. మరి 80 సీసాలు మిగిలి ఉన్నప్పుడే ఇండెంటు పంపితే? మందు చాలకపోయే అవకాశం నూటికి 2కు పడిపోతుంది. మందు రెండింతలైతే ప్రమాదం పద్దెనిమిదో వంతుకు తగ్గింది. ఈ తేడా చూపించింది ఏ యంత్రమూ కాదు, పెన్సిలూ కాగితమూ.

"అయితే ఐదువందల సీసాలు పెట్టుకుంటే పోలా?" అని మీలో ఎవరో అడుగుతారని నాకు తెలుసు. ప్రతి సీసా మీదా గడువు తేదీ ఉంటుంది. వాడకుండా గడువు దాటితే పారేయాలి. పైగా ద్రవరూపంలో ఉన్న విరుగుడును 2 నుంచి 8 డిగ్రీల సెంటిగ్రేడు మధ్య చల్లగా ఉంచాలి. కరెంటు పోతే? అందుకే పొడి రూపంలో ఉన్న విరుగుడు మందు మనలాంటి ప్రాంతాలకు ఎక్కువ అనుకూలం. ఇంకొక మాట. బీరువాలో ఏ సీసా ముందు తీయాలి? ముందు వచ్చింది కాదు, గడువు ముందు తీరేది. మీ అమ్మగారు పచ్చడి జాడీల విషయంలో చేసేది ఇదే కదూ!

మందులన్నీ ఒకే తీరువి కావు. ఆసుపత్రి పరిపాలనలో వాటిని మూడు వర్గాలు చేస్తారు: లేకపోతే ప్రాణం పోయేవి, అవసరమైనవి, ఉంటే మంచివి. విరుగుడు మందు మొదటి వర్గం. దగ్గు మందు ఒక రోజు ఆలస్యమైతే రోగి విసుక్కుంటాడు, అంతే.

ఇక ఆసుపత్రి వరండా సంగతి. మన ఇల్లందును పెద్దలు బొగ్గుట్ట అనేవారు. 1889లో ఇక్కడ బొగ్గు తవ్వకం మొదలైంది. భూగర్భ గనిలో పనిచేసిన తాతయ్య ఎవరైనా మీ ఇంట్లో ఉంటే, దీపాల గది గురించి అడగండి. గనిలోకి దిగే ప్రతి మనిషీ అక్కడ దీపం తీసుకుంటాడు, పైకి వచ్చాక అప్పగిస్తాడు. ఎన్ని దీపాలు తిరిగి రాలేదో చూస్తే, లోపల ఎంతమంది ఉన్నారో గనిలోకి దిగకుండానే తెలుస్తుంది. ఆసుపత్రిలోనూ అలాంటి ఉపాయమొకటి ఉంది. దాన్ని 1961లో జాన్ లిటిల్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు గణితరీత్యా నిరూపించాడు. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ సమానంగా ఉన్నంతసేపు, లోపల ఉన్నవాళ్ళ సంఖ్య ఎంతంటే, నిమిషానికి వచ్చేవారి సంఖ్యను, ఒక్కొక్కరు లోపల గడిపే నిమిషాలతో గుణిస్తే చాలు.

ఉదయం 4 గంటల్లో 240 మంది ఓపీ చీటీ తీసుకున్నారనుకోండి. నిమిషానికి ఒకరు. ఒక్కొక్కరు చీటీ, డాక్టరు, రక్తపరీక్ష, మందుల కిటికీ అన్నీ ముగించుకొని బయటపడడానికి 90 నిమిషాలు పడితే, ఏ సమయంలో చూసినా లోపల 90 మంది ఉంటారు. బెంచీలు 40 ఉంటే 50 మంది నిలబడాలి. చంటిబిడ్డల తల్లులు, జ్వరంతో వణికేవాళ్ళు కూడా. కొత్త వరండా కట్టాలా? అక్కర్లేదు. మందుల కిటికీ ఇంకొకటి తెరిచి, రక్తపరీక్ష కాగితం పట్టుకొని అటూ ఇటూ తిరిగే పని తప్పించి, 90 నిమిషాలను 40 చేస్తే, లోపల 40 మందే ఉంటారు. అందరికీ బెంచీ దొరుకుతుంది.

లెక్కలతో ప్రాణాలు నిలుస్తాయా అన్న అనుమానం పాతదే. క్రిమియా యుద్ధకాలంలో స్కుటారి ఆసుపత్రిలో 1855 ఫిబ్రవరిలో చేరిన సైనికుల్లో నూటికి సుమారు 42 మంది చనిపోయేవారు. మార్చిలో వచ్చిన పారిశుధ్య బృందం మురుగు కాలువలు బాగుచేయించి, గాలి వెలుతురు వచ్చేలా చేసింది. జూను నాటికి ఆ సంఖ్య 2కు దిగింది. అక్కడ పనిచేసిన ఫ్లారెన్స్ నైటింగేల్ ఆ మరణాల లెక్కలను 1858లో రంగుల పటాలుగా వేసి ప్రభుత్వానికి చూపించింది. దీపం పట్టుకున్న అమ్మగా ఆమె మనకు తెలుసు. పట్టిక పట్టుకున్న అమ్మగా కూడా తెలియాలని నా కోరిక.

ఈ విద్య ఎక్కడ నేర్పుతారు? ఏదైనా డిగ్రీ పూర్తయ్యాక రెండేళ్ళ మాస్టర్సు చదువు ఇది. లెక్కల పద్దులు, గణాంకాలు, అంటువ్యాధుల వ్యాప్తి, ఆరోగ్య చట్టాలు, ఆసుపత్రి చెత్తను పసుపు, ఎరుపు సంచుల్లో వేరుచేసే పద్ధతి, 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వంటి పథకాల కాగితాల పని, అన్నీ అందులో ఉంటాయి. ఒకప్పుడు దీనికోసం రెండువందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న హైదరాబాదులో కాపురం పెట్టవలసి వచ్చేది. ఉద్యోగం మానుకొని వెళ్ళగలిగే నర్సమ్మగారు ఎంతమంది?

ఆ దూరాన్ని తగ్గించే ప్రయత్నం మన దగ్గరే మొదలైంది. 1982లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశంలో అటువంటిది అదే మొదటిది. ప్రొఫెసర్ జి. రాంరెడ్డిగారు తొలి ఉపాధ్యక్షులు. 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు కూడా ఆయననే తొలి ఉపాధ్యక్షులుగా పిలిచారు. పాఠాలు పోస్టులో వచ్చేవి, రేడియోలో వినిపించేవి. నేడు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరుతో ఉన్న ఆ విశ్వవిద్యాలయం ఆసుపత్రి నిర్వహణలో ఎం.బి.ఎ. చదువును కూడా దూరవిద్యగా అందించింది. ఇప్పుడు పోస్టుమాను బదులు ఇంటర్నెట్టు పాఠాలు మోస్తోంది.

అడవి అంచున సిగ్నలు సరిగా అందదు, నిజమే. దానికీ ఒక లెక్క ఉంది. సెకనుకు 64 కిలోబిట్ల చొప్పున వచ్చే మాటల పాఠం గంటకు సుమారు 29 మెగాబైట్లు. బొమ్మతో సహా సెకనుకు 700 కిలోబిట్లయితే 315. పదకొండు రెట్లు! బజారులో సిగ్నలు ఉన్నచోట పాఠం దించుకొని ఇంటికి వెళ్ళి వినడం తెలివైన పని.

కాని ఇంట్లో కూర్చుని ఏ చదువైనా చదవవచ్చనుకోకండి. డాక్టరు, నర్సు చదువులు తెరమీద కుదరవు. రోగి చేయి పట్టుకోవాలి. సైకాలజీ, మైక్రోబయాలజీ, పోషకాహారం వంటి కోర్సులను కూడా ఆన్‌లైన్లో, దూరవిద్యలో నడపరాదని యు.జి.సి. 2025లో ఆదేశించింది. పరిపాలన చదువులో కూడా సగం ఆసుపత్రి వరండాలోనే ఉందని నా అభిప్రాయం. అందుకే ఇప్పటికే ఆసుపత్రిలో పనిచేస్తున్న ఫార్మసిస్టుకో నర్సుకో ఇది రెట్టింపుగా ఉపయోగపడుతుంది. పగలు చూసిన చిక్కు రాత్రి పాఠంలో కనిపిస్తుంది. గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయం ఇచ్చిన ఆన్‌లైన్ డిగ్రీ మామూలు డిగ్రీతో సమానమని యు.జి.సి. 2022లో ప్రకటించింది. గుర్తింపు ఉన్నదా లేదా అన్నది మాత్రం డబ్బు కట్టక ముందే యు.జి.సి. జాబితాలో చూసుకోవాలి. "ఆరు నెలల్లో మాస్టర్సు" అనేవాళ్ళకు దూరంగా ఉండమని మీ అక్కయ్యతో, అన్నయ్యతో చెప్పండి.

మీరు అంతవరకు ఆగనక్కర్లేదు. మధ్యాహ్న భోజనం వరుస దగ్గర ముగ్గురు స్నేహితులు నిలబడండి. ఒకరు పది నిమిషాల్లో ఎంతమంది వచ్చి వరుసలో చేరారో లెక్కపెట్టాలి. రెండోవారు నిమిషానికొకసారి వరుసలో ఎంతమంది ఉన్నారో రాసి సగటు తీయాలి. మూడోవారు ఐదారుగురిని గుర్తుపెట్టుకొని, వరుసలో చేరింది మొదలు పళ్ళెంలో అన్నం పడేవరకు గడియారం చూడాలి. మొదటివారి అంకెను పదితో భాగించి, మూడోవారి సగటుతో గుణించండి. రెండోవారి అంకె వచ్చిందా? తేడా ఎక్కువగా ఉంటే, మీరు గంట కొట్టగానే లెక్క మొదలుపెట్టారేమో చూడండి. మొదటి ఐదు నిమిషాలూ వరుసలోకి వచ్చేవాళ్ళే గాని పళ్ళెంతో పోయేవాళ్ళు తక్కువ!